దెయ్యం పట్టిన అక్షరాలు: ఏ రకం, ఎక్కడ అతికించాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ నాలుగో అంతస్తుకు ఒక ఆనవాయితీ ఉంది. వైఫై పేరు మార్చే హక్కు నెలకొకరిది. అక్టోబరులో మా అనంతపురం రూమ్మేట్ వంతు వచ్చింది. "అన్నా, ఈసారి 'దెయ్యాల కొంప' అని పెడదాం. మామూలుగా కాదు, అక్షరాల పైనా కిందా గీతలు కారుతున్నట్టు ఉంటాయే, అట్లా" అన్నాడు. గ్లిచ్ టెక్స్ట్ తయారుచేసే సైట్ ఒకటి తెరిచి, వచ్చినదాన్ని కాపీ చేసి రౌటర్ పేజీలో అతికించాడు. పేరు మరీ పొడుగైపోయిందని రౌటర్ తిప్పికొట్టింది. గీతలన్నీ తీసేసి వట్టి 'దెయ్యాల కొంప' వేశాడు. అప్పుడూ అదే జవాబు.

నాది టెస్టింగ్ ఉద్యోగం. ఇలాంటివి చూస్తే చెయ్యి ఊరుకోదు. వైఫై పేరుకు హద్దు 32 బైట్లు. తెలుగులో అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, పొల్లయినా, సున్నయినా ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. 'దెయ్యాల కొంప'లో అలాంటివి 11, మధ్యలో ఒక ఖాళీ. మొత్తం 34 బైట్లు. అంటే దెయ్యం పట్టకముందే రెండు బైట్లు ఎక్కువ.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని దొరికిన రకాలన్నీ దొరికిన చోటల్లా అతికించి చూశాం. ఇంగ్లీషు అక్షరాలకు బ్రహ్మాండంగా పనిచేసేవి తెలుగు దగ్గర బోల్తా పడ్డాయి. కొన్ని తెలుగుకే బాగున్నాయి. మీరు కూడా ఏది ఎంచుకోవాలో తెలియక సైట్ల మధ్య తిరుగుతుంటే ఇది మీకోసమే.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, ఎక్కడ పెడుతున్నారు. వాట్సాప్ గ్రూపులో పడే మెసేజ్ వేరు, ఇన్‌స్టా బయో వేరు, ఎస్సెమ్మెస్ వేరు. ఇన్‌స్టా బయోకి 150 అక్షరాలు, వాట్సాప్ 'అబౌట్'కి 139. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకి 160 ఉంటే, ఒక్క తెలుగు అక్షరమో ఒక్క వింత గుర్తో చేరగానే అది 70కి పడిపోతుంది. ఎక్స్ (పాత ట్విట్టర్) ఉచిత ఖాతాలో 280. మీరు తగిలించే ప్రతి గీతా ఈ లెక్కలోకి వస్తుంది. కంటికి ఒకే అక్షరంగా కనిపించేది లెక్కలో ఇరవై అయి కూర్చోవచ్చు.

రెండోది, అవతలి ఫోన్. మీ ఫోన్‌లో భయపెట్టినది అవతల ఖాళీ డబ్బాలుగా మిగలవచ్చు. పాత ఫోన్ వాడే పిన్నికి పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మూడోది, వెతికితే దొరకాలా. నాలుగోది, చెవితో చదివేవాళ్లు ఉన్నారా. ఈ రెండూ ఎవరూ ఆలోచించరు. రెండింటిలోనూ నేను దెబ్బతిన్నాను, కిందికి వచ్చేసరికి చెబుతాను.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: రాసేది తెలుగులోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? దాన్నిబట్టి సగం రకాలు మొదట్లోనే రాలిపోతాయి.

## జాల్గో: అసలు సిసలు దెయ్యం

గ్లిచ్ టెక్స్ట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. 2004లో పాత కామిక్ స్ట్రిప్పులను వికృతంగా మార్చి ఇంటర్నెట్‌లో పెట్టిన సరదాలోంచి జాల్గో అనే భూతం పుట్టింది, దాని పేరే ఈ రాతకూ వచ్చింది. మా ఐటీ జనానికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంటుంది. 2009లో స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్‌లో, హెచ్‌టీఎంఎల్‌ను (వెబ్ పేజీలు రాసే భాష) రెగెక్స్‌తో (రాతలో నమూనాలు వెతికే సూత్రాలు) విడదీయవచ్చా అని ఒకరు అడిగారు. దానికి వచ్చిన జవాబు మామూలుగా మొదలై, చివరికొచ్చేసరికి అక్షరాలన్నీ జాల్గోలోకి కరిగిపోతాయి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చూపించడం ఇప్పటికీ ఒక వేడుక.

ఇది పనిచేసే తీరు సులువు. ఫ్రెంచి, వియత్నామీస్ వంటి భాషల కోసం అక్షరం నెత్తినో కిందో అంటుకునే గుర్తులు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ కోసం ఒక్కో నంబరు ఇచ్చిన జాబితాలో, ఉన్నాయి. ప్రధానమైన గుంపులోనే 112. ఒక అక్షరానికి ఇన్నే తగిలించాలన్న నియమం లేదు కాబట్టి, పదీ ఇరవై పేర్చుకుంటూ పోతే పై వరుసలోకీ కింది వరుసలోకీ పాకుతాయి. యూనికోడ్ పత్రాల్లో ఒకచోట వరుసగా 30 గుర్తులు అనే హద్దు చెప్పి, ఏ భాషకైనా అవసరమయ్యేదానికంటే అది చాలా ఎక్కువ అన్నారు. జాల్గో సైట్లలో 'ఫుల్' నొక్కితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాలకు ఇంతకంటే చెప్పేదేం లేదు. తేలికపాటి స్థాయి పెట్టుకోండి, అక్షరానికి నాలుగైదు గుర్తులు చాలు. అంతకుమించితే చాలా యాప్‌లు పైనా కిందా కోసేస్తాయి, పక్కవాళ్ల మెసేజ్ మీద గీతలు పడితే గ్రూపులో తిట్లు పడతాయి.

తెలుగు దగ్గర కథ మారుతుంది. 'దెయ్యం' అనే మాటే తీసుకుందాం. మన కంటికి రెండు అక్షరాలు: దె, య్యం. కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: ద, దాని ఎత్వం, య, పొల్లు, మళ్లీ య, సున్న. జాల్గో సైట్లు ఇంగ్లీషు కోసం రాసినవి. అవి ప్రతి ముక్క తర్వాతా గుర్తులు దూరుస్తాయి. ద కీ ఎత్వానికీ మధ్య పరాయి గీత దూరేసరికి ఎత్వం ఊడిపోతుంది. పట్టుకోవడానికి హల్లు దొరక్క చుక్కల సున్నా మీద వేలాడుతుంది. పొల్లు విడిపోతే వత్తు పడదు. ఇదిగో, ఒక్కో గీతే పెట్టాను:

ద̷ె̷య̷̷్య̷ం̷

చాలా ఫోన్లలో ఇది దెయ్యంలా కాక, విరిగిన కీబోర్డులా కనిపిస్తుంది. అదే గుర్తులను అక్షరం పూర్తయ్యాక మాత్రమే తగిలిస్తే:

దె̷͂̊య్యం̷̐̾

మాట బతికింది, దెయ్యమూ పట్టింది. లెక్కలోనూ లాభమే. ముక్కకి ఐదు గుర్తులు చొప్పున సైట్ తగిలిస్తే 'దెయ్యం' 36 అవుతుంది, అక్షరానికి ఐదు చొప్పున మీరు తగిలిస్తే 16. దీనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. సైట్‌లో ఒక్క చుక్క పెట్టి దానికి గుర్తులు తగిలించుకోండి. ఆ గుర్తులను కాపీ చేసి, కర్సర్‌ను 'దె' తర్వాత ఒకసారి, 'య్యం' తర్వాత ఒకసారి ఉంచి అతికించండి. కాపీతో పాటు చుక్క కూడా వస్తే దాన్ని చెరిపేటప్పుడు గుర్తులు పోకుండా చూసుకోండి. ఓపిక కావాలి, అంతే.

ఓపిక లేనివాళ్లకు అడ్డదారి: గుణింతం, వత్తు, సున్న లేని మాటలు ఎంచుకోండి. గజగజ, దడదడ, గలగల, తల, పలక, ఉడత. వీటిలో ప్రతి ముక్కా ఒక పూర్తి అక్షరమే, కాబట్టి ఏ సైట్ అయినా వీటిని విరగ్గొట్టలేదు. భయానికి సంబంధించిన మాటలే ఇలా దొరకడం మన అదృష్టం: ద̊͂డ̏̐ద̑̾డ̷̊

ఒక్క లోపం మిగులుతుంది. తెలుగు ఫాంట్లలో ఈ గుర్తులకు సాధారణంగా చోటు ఉండదు. ఫోన్ వాటిని వేరే ఫాంట్ నుంచి అరువు తెచ్చి అతికిస్తుంది. అందుకే ఒక ఫోన్‌లో నెత్తిన కూర్చున్న గీత ఇంకో ఫోన్‌లో పక్కకు జరిగి ఉంటుంది. పైన నేను రాసిన మూడూ మీకు ఎలా కనిపిస్తున్నాయో చూసుకోండి. మీ ఫోన్ తెలుగు జాల్గోకి పనికొస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది.

## కొట్టివేత గీత

ఇది గ్లిచ్‌కి తమ్ముడు. అక్షరం మధ్యలోంచి అడ్డగీత పోతుంది, చదవడానికి ఇబ్బంది ఉండదు. హాస్యానికి దీన్ని మించింది లేదు: రేపటి నుంచి జి̶మ̶్ బిర్యానీ.

వాట్సాప్‌లో అయితే యూనికోడ్ జోలికే వెళ్లకండి. మాటకు ముందొకటి వెనకొకటి ~ గుర్తు పెడితే వాట్సాపే గీత గీస్తుంది. అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు, తర్వాత వెతికినా దొరుకుతాయి. తెలుగుకీ చక్కగా పనిచేస్తుంది. అలాంటి సౌకర్యం లేని బయోల్లోనే యూనికోడ్ గీత వాడండి, అదీ అక్షరం పూర్తయ్యాకే.

## మారువేషం వేసిన ఇంగ్లీషు అక్షరాలు

లావుగా, వంకరగా, పాత జర్మన్ పుస్తకాల్లోలా కనిపించే 'ఫ్యాన్సీ ఫాంట్లు' చూసే ఉంటారు. అవి ఫాంట్లు కావు. లెక్కల పుస్తకాల కోసం 2001లో యూనికోడ్‌లో చేర్చిన గణిత అక్షరాలు. తెలుగుకు అలాంటివి లేవు. 'తెలుగు స్టైలిష్ టెక్స్ట్' అని చూపించే సైట్‌లో తెలుగు మాట వేస్తే ఏ మార్పూ లేకుండా తిరిగి వస్తుంది, మహా అయితే అటూ ఇటూ రెండు నక్షత్రాలు చేరతాయి.

అందంగా ఉంటాయి, చాలా ఫోన్లలో కనిపిస్తాయి, గేమ్ పేర్లకు కుర్రాళ్లు తెగ వాడతారు. కానీ నా ఫిర్యాదులు రెండు.

ఉద్యోగం మారుదామని చూస్తున్న రోజుల్లో, ఒక ఉద్యోగాల సైట్‌లో నా హోదాను ఈ లావు అక్షరాల్లో పెట్టాను. పది మందిలో కనబడతానని ఆశ. రెండు నెలలు ఒక్క ఫోనూ లేదు. చివరికి తెలిసిన రిక్రూటర్ అక్క ఒకావిడ వెతికి, "నీ ప్రొఫైల్ నాకు రావట్లేదే" అంది. వెతుకుడు పెట్టెకు అవి మామూలు అక్షరాలు కావు మరి. కొన్ని సైట్లు వాటిని మామూలు రూపానికి మార్చుకుని వెతుకుతాయి, ఇది ఆ రకం కాదు. ఆ సాయంత్రమే మామూలు అక్షరాలకు మారిపోయాను.

రెండోది మా కాలేజీ గ్రూపులో. చూపు లేని అక్క ఒకరు స్క్రీన్ రీడర్‌తో మెసేజ్‌లు వింటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు లావు వంకర అక్షరాల్లో పంపాను. కాసేపటికి వాయిస్ నోట్ వచ్చింది: "ఏంట్రా ఇది, ఒక్కో అక్షరానికీ ముందు మ్యాథమెటికల్ బోల్డ్ అంటోంది. విష్ చేశావా, హోంవర్క్ ఇచ్చావా?" జాల్గో అయినా ఇంతే, కొన్ని రీడర్లు గుర్తుల పేర్లన్నీ చదువుతాయి, కొన్ని మాటనే మింగేస్తాయి. అప్పట్నుంచీ ఆ గ్రూపులో అంతా మామూలు రాతే.

ఎక్స్ వాడేవాళ్లకు ఒక చిన్న సంగతి: ఈ గణిత అక్షరం ఒక్కోటి రెండు అక్షరాల కింద లెక్కకు వస్తుంది. 280 కాస్తా 140 అవుతుంది. తెలుగు అక్షరపు ముక్క, జాల్గో గుర్తు మాత్రం ఒక్కోటిగానే లెక్క.

## మన వత్తులే మన గ్లిచ్

సైట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. కార్త్స్న్యం అనే మాట ఉంది, అంటే సమస్తం, మొత్తం అని. అందులో ర, త, స, న, య అయిదూ ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. నిఘంటువులోని మాటే ఇంత భయంకరంగా ఉంటే పరాయి గుర్తులు ఎందుకు? తలుపు కిర్ర్ర్ర్ర్‌మంది అని రాసి చూడండి. ఒక్కో ఫాంట్ ఆ వత్తులను ఒక్కో తీరుగా పేరుస్తుంది, కొన్ని కిందికి, కొన్ని పక్కకు.

సాగదీతకు మాత్రం జాగ్రత్త. 'అయ్యయ్యో'ను పొడిగించాలని ఓత్వాన్నే పదిసార్లు కొడితే చాలా చోట్ల చుక్కల సున్నాల వరుస వస్తుంది. అయ్యయ్యోఓఓఓ అని అచ్చు వాడండి, ఎక్కడా విరగదు.

## కన్నడ మారువేషం, బెంగళూరు స్పెషల్

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. ఇంటర్నెట్‌లో కనుబొమలు ఎగరేసి చిరాగ్గా చూసే మొహం ఒకటి ఎప్పట్నుంచో తిరుగుతోంది కదా. ఆ కళ్లు రెండూ కన్నడ 'ఠ' అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. ఆ అక్షరం చదవడం రానివాళ్లు కూడా ప్రపంచమంతా వాడేశారు.

యూనికోడ్‌లో తెలుగు, కన్నడ పక్కపక్క ఇళ్లు. ఒక్కోదానికి 128 గదులు. తలకట్టు లేని అక్షరాలు, ఖ, జ, ట, ణ, బ, ల వంటివి, రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. తలకట్టు ఉన్నవాటిలోనే తేడా తెలుస్తుంది. మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది పక్కకు సాగుతుంది. తెలుగు మాటలో ఒక అక్షరం కన్నడది పెడితే చదివేవాడికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు. గ్లిచ్ అంటే నా దృష్టిలో అదే.

షరతు ఒకటే. గుణింతం లేని అక్షరాన్నే మార్చాలి. కన్నడ హల్లుకు తెలుగు గుడి తగిలిస్తే అతకదు, మళ్లీ చుక్కల సున్నా. ఇంకో మాట, ఇలా మార్చిన పేరు వెతికితే దొరకదు. యూపీఐ వివరాలూ బిల్లులూ ఇలా రాసి స్నేహితుణ్ణి ఏడిపించాలనుకుంటే అది సరదా కింద రాదు.

## డబ్బాలు, ముక్కలు

▓▒░ దడదడ ░▒▓

అక్షరాన్ని ముట్టుకోదు కాబట్టి తెలుగు విరగదు. వత్తులూ గుణింతాలూ నిండిన వాక్యానికైనా సరే. తొందరగా పని కావాలంటే ఇదే. ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తు కూడా ఇలాగే వాడతారు: జీతం ��� పడింది. కానీ దాన్ని చూసి మా నాన్న ఫోన్ పాడైందనుకుని షాపుకు తీసుకెళ్లబోయారు.

## ఒక్క చూపులో

| రకం | తెలుగుకు | అవతలి ఫోన్‌లో | వెతికితే | ఎక్కడ బాగు |
|---|---|---|---|---|
| జాల్గో, సైట్ నుంచి నేరుగా | విరుగుతుంది | చెప్పలేం | దొరకదు | ఇంగ్లీషు అక్షరాల మీమ్స్ |
| జాల్గో, అక్షరం తర్వాత చేత్తో | బాగుంటుంది | గీతలు జరగవచ్చు | కష్టం | ఇన్‌స్టా బయో, పోస్టులు |
| యూనికోడ్ అడ్డగీత | ఫర్వాలేదు | చాలావరకు | కష్టం | బయోలు |
| వాట్సాప్ ~ గీత | చాలా బాగుంటుంది | వస్తుంది | దొరుకుతుంది | వాట్సాప్ |
| గణిత అక్షరాలు | లేనే లేవు | చాలావరకు | సైట్‌ను బట్టి | గేమ్ పేర్లు |
| వత్తుల గొలుసు | తెలుగుకే | ఫాంట్‌ను బట్టి | దొరుకుతుంది | ఎక్కడైనా |
| కన్నడ మారువేషం | గుణింతం లేకపోతే | వస్తుంది | దొరకదు | తెలిసినవాళ్లతో చిలిపి |
| డబ్బాలు | చాలా బాగుంటుంది | వస్తుంది | దొరుకుతుంది | స్టేటస్‌లు, శీర్షికలు |

## ఎవరికి ఏది

ఫ్యామిలీ గ్రూపులో సరదాకైతే వాట్సాప్ గీత, డబ్బాలు. అంతకుమించి వద్దు. మీరు పంపినదాన్ని పెద్దమ్మ వైరస్ అనుకుని పది గ్రూపులకు హెచ్చరికగా పంపితే ఆ వారమంతా మీ ఫోనే మోగుతుంది.

ఇన్‌స్టాలో పేజీ నడిపేవాళ్లు బయోలో ఒక్క మాటకు చేత్తో జాల్గో పెట్టుకోండి, పేరును మాత్రం ముట్టుకోకండి. మిమ్మల్ని వెతికేవాళ్లు మామూలు కీబోర్డుతోనే వెతుకుతారు. యూజర్‌నేమ్‌లో ఎలాగూ ఇవి పట్టవు.

పోస్టర్‌కో, హాలోవీన్ రీల్‌కో అయితే అసలు యూనికోడే వద్దంటాను. మీ ఫోన్‌లో బాగా కనిపించినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా పెట్టండి. అవతల ఏ ఫోన్ అయినా అలాగే కనిపిస్తుంది. కింద మామూలు అక్షరాల్లో అదే మాట ఒకసారి రాయండి, వినేవాళ్లకు పనికొస్తుంది.

నాలాగా టెస్టింగ్ చేసేవాళ్లకు మాత్రం ఫుల్ జాల్గోయే. పేరు రాసే ప్రతి పెట్టెలో అది అతికించి చూడటం నా దినచర్య. బిగ్ లిస్ట్ ఆఫ్ నాటీ స్ట్రింగ్స్ అని, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఒక జాబితా ఉంది, అందులో జాల్గో మాటలు సిద్ధంగా దొరుకుతాయి. దానికి తోడు వత్తులూ సున్నలూ ఉన్న తెలుగు పేరు ఒకటి చేర్చుకోండి. నాకు ఎక్కువ బగ్గులు దొరికింది రెండోదానితోనే.

రెండు రకాలు ఎవరికీ చెప్పను. రాతను కుడి నుంచి ఎడమకు తిప్పే కనిపించని గుర్తు ఒకటుంది. ఫైలు పేర్లను తిప్పి మోసం చేయడానికి దాన్ని వాడిన చరిత్ర ఉంది, అందుకే చాలా చోట్ల అనుమానంగా చూస్తారు. రెండోది, ఫోన్‌ను స్తంభింపజేసే మెసేజ్‌లు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్తలకెక్కింది మన అక్షరమే: 'జ్ఞ'కూ దాని దీర్ఘానికీ మధ్య కనిపించని గుర్తు ఒకటి చేరితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. మామూలుగా రాసిన జ్ఞానం, జ్ఞాపకం ఎవరినీ ఏమీ చేయలేదు. ఆ నాలుగు రోజులు మాత్రం ఆఫీసులో తెలుగువాళ్లు మెసేజ్ పంపితే తెరవడానికి మిగతావాళ్లు జంకేవాళ్లు.

ఇక మా వైఫై. 'దెయ్యం' అంటే 18 బైట్లు, మిగిలిన 14లో ఏడు జాల్గో గుర్తులు పడతాయి, ఒక్కోటి రెండు బైట్లు కాబట్టి. పెట్టి చూశాం. నా ఫోన్‌లో వచ్చింది, రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఖాళీ డబ్బాలు వచ్చాయి. చివరికి 'గజగజ' ఖాయం చేశాం, రెండు జ లూ కన్నడవి. 12 బైట్లు, ఒక్క గీత కూడా లేదు. రెండు రోజుల దాకా మా అంతస్తులో ఎవరూ కనిపెట్టలేదు. పేరు చేత్తో టైప్ చేసి కనెక్ట్ కావాలని చూసినవాళ్లకు మాత్రం ఎంతకీ దొరకలేదు. మూడో రోజు మెట్ల దగ్గర ఎదురు గది కన్నడ అబ్బాయి, హాసన్ ఊరివాడు, ఆపాడు. "వైఫై పేరులో రెండు అక్షరాలు మావి. అద్దె ఎప్పుడిస్తారు?"